వేలెడు వెలితి

పేతురు దొరను పోలీసులు పట్టుకుపోయిన రోజు నేను దొర ముఖం చూడలేదు. మా ఆయన చేతిలోకి మారిన తాళంచెవిని చూశాను. నా గుణమే అంత. ఇల్లు అంటుకున్నా సరే, పొయ్యి మీది పాలు పొంగుతున్నాయేమోనని చూసే మనిషిని.

దొర అసలు పేరు పియెత్రో. మాది మెథడిస్టు సంఘం కనుక మా నోట పేతురు అయ్యాడు. ఇటలీ మనిషి. నిజాంసాగర్ కట్ట కడుతున్నప్పుడు రాతిపనికి వచ్చి, పని అయిపోయాక తోటివాళ్లంతా ఓడెక్కినా తను ఎక్కలేదు. నారాయణఖేడ్ నుంచి మనూర్ పోయే బాటలో శంకరప్ప పటేలు దగ్గర ఎనిమిది ఎకరాలు కౌలుకు పట్టాడు. సగం ఎర్ర మొరం గుట్ట, సగం దాని కింది నల్లరేగడి. ఆ గుట్ట మీద కందులు కూడా సరిగా రావు. అక్కడ ద్రాక్ష పెడతానంటే శంకరప్ప కడుపుబ్బ నవ్వి, ఆ నవ్వుతోనే కౌలు కాగితం మీద వేలిముద్ర వేశాడు.

తీగలు దొర ఊరి నుంచి వచ్చాయి. అక్కడ వాళ్లది తాతల నాటి తోట. తాత పోతే తండ్రి, తండ్రి పోతే అన్న. అన్న, వదిన, వాళ్ల పిల్లలు అంతా ఒకే కొండ మీద పని చేసుకుంటారు, కోతకు కూడా బయటి మనిషిని పిలవరట. ఆ అన్న తడినాచులో చుట్టి పంపిన నూరు కొమ్మల్లో బతికినవి అరవై. దొర ముప్పై గుట్ట మీద నాటాడు, ముప్పై రేగడిలో నాటాడు. ఏళ్ల మీద కొమ్మకు కొమ్మ తీసి తోటంతా నింపాడు.

తోటలో మొదటి కూలీ మా ఆయన హనోకు. "గుట్ట మీద ఎందుకు దొరా? రేగడిల మంచిగ వస్తయి గద" అని అడిగాడట.

"తీగ ఏక్. మన్ను దో" అన్నాడట దొర, తనకు వచ్చిన ఉర్దూ, తెలుగు కలగలిపి. "మన్ను మాట్లాడ్తది, హనోకు. మనం వినాలె."

చెప్పి ఊరుకోలేదు. ఎర్రమన్ను చిటికెడు, నల్లమన్ను చిటికెడు మా ఆయన నాలుక మీద పెట్టి చప్పరించమన్నాడు. ఇంటికొచ్చి ఆ సంగతి చెబుతుంటే నేను తలబాదుకున్నాను. కానీ కాయ దిగాక దొర మాట నిజమే అనిపించింది. రేగడిలో గుత్తులు లావుగా, మెత్తగా ఉండేవి. నోట్లో వేసుకుంటే తియ్యగా తగిలి వెంటనే పోయేవి. గుట్ట మీద కాయ శనగగింజంత. తోలు మందం, రంగు నలుపు, మొదట వగరు. మింగాక కూడా ఆ రుచి నోట్లో చాలాసేపు ఉండేది. రెండూ ఒక తల్లి పిల్లలే అంటే నమ్మబుద్ధి కాదు. దొర ఆ రెండింటినీ ఎప్పుడూ కలపలేదు. వేర్వేరుగా తొక్కించి, పులియబెట్టి, గుట్టను తవ్వి కట్టిన రాతిగదిలో వేర్వేరు చెక్కపీపాల్లో పోసేవాడు. ఎర్రగుట్టది ఒక పీపా, రేగడిది ఒక పీపా. ఆ ద్రాక్షసారా సర్కారు ఆబ్కారీ పర్మిట్ మీద సికింద్రాబాద్ వైపు రోమన్ కాథలిక్ గుళ్లకు పూజకు పోయేది.

"మా అన్న సీసా మీద వాని పేరు రాయడు. గుట్ట పేరు రాస్తడు" అనేవాడు దొర. అలా అన్నప్పుడు మాత్రం ఆయన కళ్లు తడిసేవి.

ఇదంతా నాకు బాగానే ఉండేది, అది తాగే వస్తువు కాకపోయుంటే.

మా మామ లాజరు సారా తాగి తాగి నలభై నిండకుండానే కడుపుబ్బి పోయాడు. హనోకు అదే దారి పట్టాడు. పెళ్లైన మూడేళ్లు నేను చూడనిది లేదు. ఒక సాయంత్రం నెట్టేస్తే గడప మీద పడి నా ఎడమ మణికట్టు విరిగింది. ఇప్పటికీ ముసురు పట్టిందంటే సలుపుతుంది. తర్వాత మా క్రైస్తవుల ధారూరు జాతరలో, అంతమంది నడుమ నిలబడి, ఇక ముట్టనని ప్రమాణం చేశాడు. ముట్టలేదు. ఆరేళ్లు. ఆ ఆరేళ్లే నాకు మొగుడు, ఇల్లు, కంటినిండా నిద్ర.

అలాంటి మనిషి ద్రాక్షతోటలో పనికి పోతానంటే నేను అన్నం మానేశాను. మా పాస్టరు సొలొమోను అయ్య మధ్యవర్తిగా వచ్చాడు. "చెట్టుకేం పాపం లేదు, రిబ్కా. తీగల పని చేసుకోనియ్యి. గా పీపాల గదిలకు మాత్రం కాలు పెట్టొద్దు" అన్నాడు. దొర కూడా ఒప్పుకున్నాడు. మాట మీద నిలబడ్డాడు. పీపాల పని ఏదున్నా తనే చేసుకునేవాడు, అది కూడా ఆదివారం, మేం గుళ్లో ఉన్న పొద్దున. మేం తిరిగొచ్చేసరికి ఆయన చొక్కా చేతులకు ఎర్రమరకలు ఉండేవి. గుడికి పోని మనిషి, ఆదివారం పూట తాగి కూర్చుంటాడని నేను అనుకునేదాన్ని. అనుకోవడంలో నన్ను మించినవాళ్లు లేరు.

పందొమ్మిది వందల నలభై జూన్‌లో వాళ్ల దేశం ఇంగ్రేజువాళ్ల మీద యుద్ధానికి దిగిందట. అక్కడ దిగితే ఖేడ్ అవతల గుట్ట మీద తీగలు కట్టుకునే ముసలాయన చేసిన తప్పేమిటి? పట్టుకుపోను వచ్చిన పోలీసు అమీనునే అడిగాను. "హుకుం" అన్నాడు, అంతే. పెట్టె సర్దుకోవడానికి గంట టైమిచ్చారు. ఆ గంటలో దొర పెట్టె సర్దుకోలేదు. తోటంతా తిరిగాడు. చివరికి హనోకు చేతిలో తాళంచెవి పెట్టాడు.

"గది బంద్. వేడిగాలి లోపల రావద్దు. నేల రోజూ తడుపు. చలికి ముందు కొమ్మలు కత్తిరించు, కొమ్మకు రెండు మొలక కళ్లు ఉంచు, బస్." అప్పటికే జవాను ఆయన్ని బండి ఎక్కిస్తున్నాడు. దొర వెనక్కి తిరిగి, "ఔర్ హనోకు, ఇత్వార్, ఇత్వార్..." అని అరిచాడు. బండి కదిలింది.

ఆదివారం మానకుండా గుడికి పొమ్మంటున్నాడనుకున్నాం. హనోకు కళ్లు తుడుచుకుంటూ చెయ్యెత్తాడు.

ఆ రోజు నుంచి నాకు కుదురు లేదు. నేల తడపాలి కనుక హనోకు రోజూ మధ్యాహ్నం కుండతో ఆ గదిలోకి పోవాలి. పాస్టరయ్య కూడా, వేరే దారి లేదు కనుక, సరేనన్నాడు. లోపల ఎంతసేపున్నాడని నేను బయట మనసులో లెక్కపెట్టుకునేదాన్ని. వచ్చాక ఏదో వంకన దగ్గరికి పోయి ఊపిరి వాసన చూసేదాన్ని. తడిమట్టి వాసన, పుల్లటి చెక్క వాసన. గదికే ఆ వాసన ఉంటే మనిషికి ఉండదా? కలుపు తీస్తూ మధ్యలో లేచి వచ్చేదాన్ని. జొన్నరొట్టె పెనం మీద మాడేది. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎటు పోవాలో తెలిసేది కాదు.

చివరికి కొలిచాను. ఒక మధ్యాహ్నం ఆయన ఖేడ్ అంగడికి పోయినప్పుడు తాళం తీసి, పీపా పైన బిరడా లాగి, ఎండిన జొన్నదంటు లోపలికి దింపాను. తడిసిన చోట కత్తితో గాటు పెట్టుకున్నాను. రెండు పీపాలకు రెండు దంట్లు. పదిహేను రోజులకు మళ్లీ దింపితే గాటుకు వేలెడు కింద తడిసింది. రెండింటిలోనూ.

అయినా నోరు మూసుకున్నాను. నా జన్మలో నేను నోరు మూసుకున్న పదిహేను రోజులు అవే. మూడోసారి దింపాను. మరో వేలెడు.

నీళ్లకుండ అయితే చెమరుస్తుంది, కుండ బయట తడి చేతికి తగులుతుంది, నీళ్లు తగ్గితే తగ్గాయనుకుంటాం. ఈ పీపా బయట ఎండుకట్టెలా ఉంది. చుక్క కారిన జాడ లేదు. చుట్టూ నేల అంతా ఒకేలా తడిసి ఉంది. ఇక మిగిలింది మనిషి నోరే కదా? అలా లెక్క తేల్చుకున్నాను.

తీగలకు గడ్డితాళ్లు కడుతున్న హనోకు ముందు రెండు జొన్నదంట్లు పడేశాను.

"నిజం జెప్పు. పీపాలకెల్లి తీస్తున్నవా?"

"ఏంది?"

"నేను కొల్సిన. రెండు వేళ్లు దిగింది. నువ్వు గాక గా గదిలకు పోయెటోడు ఎవడున్నడు?"

ఆయన దంట్లు చేతిలోకి తీసుకుని గాట్లు చూశాడు. నన్ను చూడలేదు. "నేను తాగలె" అన్నాడు.

"మరి ఎటు పోయింది? గాలికి ఎగిరిందా?"

"నాకెట్ల తెలుస్తది? నేను తాగలె."

తాగిన రోజుల్లో కూడా ఇదే మాట అనేవాడు, ఇదే గొంతుతో. నా మణికట్టు సలిపింది, లేదా సలిపినట్టు అనిపించింది. ఆ పూటే ఖేడ్ నడిచిపోయి పాస్టరయ్యకు చెప్పాను. ఇంట్లో దాచుకుంటే మళ్లీ ఆ మూడేళ్లు మొదలవుతాయని భయం. మా మామ శవం కళ్ల ముందు మెదిలింది. ఆయన్ని బతికించుకోవడానికే పోతున్నానని దారిపొడవునా నాకు నేను చెప్పుకున్నాను.

మా సంఘంలో ఒక కట్టుబాటు ఉంది. ప్రమాణం చేసి తాగినవాణ్ని ఆదివారం అందరి ముందు నిలబెట్టి అడుగుతారు. తప్పు తేలితే ఆరు నెలలు ప్రభుబల్ల, అంటే గుళ్లో అందరికీ పంచే రొట్టె, రసం, ఇవ్వరు. ఆ ఆరు నెలలు అతను తన కుటుంబంతో కాక, తలుపు దగ్గర, చెప్పులు విడిచే చోట వేసిన చాప మీద ఒంటరిగా కూర్చోవాలి. పిల్లలతో సహా అందరూ అతన్ని దాటుకునే లోపలికి పోతారు.

"హనోకూ, తాగినవా?" అన్నాడు పాస్టరయ్య.

"తాగలె."

"మీ ఇంటామెనే కొల్సి చెప్తుంది గదరా."

"ఆమె పీపాను కొల్సింది, అయ్యా. నన్ను కొల్వలె."

ఎవరో కిసుక్కుమన్నారు. నేను ఆడవాళ్ల వైపు తలవంచుకుని కూర్చున్నాను. పెద్దలు ఆరు నెలలు అన్నారు. ఆయన మారుమాట లేకుండా పోయి చాప మీద కూర్చున్నాడు. ఆ రోజు బల్ల ఇచ్చారు. మా గుళ్లో గిన్నెలో పోసేది పులియబెట్టని ద్రాక్షరసం. కాయ మా తోటదే, పోయిన కోతలో హనోకే కోసి ఇస్తే కాచి సీసాల్లో పెట్టారు. నేను తాగాను. ఆయన తలుపు దగ్గర నుంచి చూశాడు.

మర్నాడు పొద్దున గొంగడి భుజాన వేసుకుని, తాళంచెవి గూట్లో పెట్టి, "తోట జూస్కో" అన్నాడు. ఎక్కడికని నేను అడగలేదు. పౌరుషం నాకూ ఉంది మరి. కల్హేర్ దగ్గర సడక్‌కు కంకర కొడుతున్నాడని రెండు రోజులకు తెలిసింది.

తాళంచెవి నా మొలకు కట్టుకున్నాను. నేల నేనే తడిపాను. తీగలు నేనే కట్టాను. ఇక ఊపిరి వాసన చూసే పని లేదు, లెక్కపెట్టే పని లేదు. కుదురుగా ఉండాల్సింది. ఉండలేకపోయాను. రెండో వారంలో, ఎందుకో నాకే తెలియదు, చివరిసారి తడిసిన చోట గాటు పెట్టిన దంటు తీసుకుని లోపలికి పోయాను.

గాటుకు వేలెడు కింద తడిసింది.

మొదట దొంగ అనుకున్నాను. హనోకు ఇంకో తాళంచెవి చేయించుకుని వచ్చిపోతున్నాడా అని కూడా అనుకున్నాను. దాచి లాభం లేదు, అలాగే అనుకున్నాను. గది గడప మీద పొయ్యిబూడిద చల్లాను. రెండు బిరడాల చుట్టూ తడి ఎర్రమట్టి మెత్తి, నాలుగు పక్కలా నా బొటనవేలి ముద్ర వేశాను. పది రోజులు ఆ గది గడప దాటలేదు, నేల కూడా తలుపు బయట నుంచే చెంబుతో చిలకరించాను.

పదకొండో రోజు బూడిద మీద ఎలుక అడుగు కూడా లేదు. మట్టి ఎండి బిగిసింది. నా వేలి గీతలు అలాగే ఉన్నాయి. మట్టి పగలగొట్టి, బిరడా లాగి, దంటు దింపాను. అరవేలు తక్కువ.

దంటు చేతిలో పట్టుకుని అక్కడే నేల మీద కూలబడ్డాను. ఎదురుగా మూలన వెదురుబుట్టలో దొర పెట్టుకున్న పెద్ద గాజుబుడ్లు రెండు కనిపించాయి. ఒకదాని మెడకు ఎర్రగుడ్డ, ఒకదానికి నల్లగుడ్డ. రెండూ సగం సగం ఉన్నాయి. దొర తాగడానికి పెట్టుకున్నాడని ఇన్నాళ్లూ అసహ్యించుకున్నాను. వాటి పక్కనే గరాటు. దాని అంచుకు ఎండిన ఎర్రమరక. పీపాలోది తగ్గుతుంది. కారకుండా, చెమర్చకుండా చెక్కలోంచే ఊపిరిలా పోతుంది. పోయినంత మేరకు దొర ఈ బుడ్లలోంచి వారం వారం నింపేవాడు. మేం గుళ్లో ఉన్నప్పుడు. ఇత్వార్, ఇత్వార్ అని ఆయన బండిలోంచి అరిచింది అదే.

ఏడుపు రాలేదు. నా మీద నాకు అంత కోపం ఎప్పుడూ రాలేదు. ఎర్రగుడ్డ బుడ్డిలోది ఎర్రగుట్ట పీపాలో, నల్లగుడ్డది రేగడి పీపాలో అంచుదాకా పోశాను. తొందరలో సగం నా మీదే పోసుకున్నాను. ఆ చీరతోనే కల్హేర్ దారి పట్టాను.

పొద్దు వాలకముందే చేరాను. సడక్ పక్కన కంకరకుప్ప దగ్గర గొంతుక్కూచుని రాయి కొడుతున్నాడు. చిక్కిపోయాడు. నా చీర మీది ఎర్రమరకలు చూసి సుత్తి ఆపాడు.

"దెబ్బ తాకిందా?"

"లేదు. అంగూరుది." ఆయాసంతోనే అంతా చెప్పేశాను. బూడిద, మట్టి, వేలిముద్ర, గాజుబుడ్లు, దొర ఆదివారాలు. "పీపా దానంతటదే తగ్గుతది. నువ్వు తాగలె. పాస్టరయ్యకు చెప్త, అందరి ముంగట చెప్త. ఇంటికి రా."

ఆయన అంతా విన్నాడు. పక్కన పనిచేసేవాళ్లు కూడా విన్నారు. ఒక రాయి తీసి కాలి దగ్గర పెట్టుకున్నాడు కానీ కొట్టలేదు.

"పీపా సంగతి తెలిసినంక వచ్చినవు, రిబ్కా. తెల్వకముందు రాలె."

ఎంత పెద్ద నోరు నాది! కల్హేర్ దాకా దారంతా ఎన్ని మాటలు అల్లుకుంటూ వచ్చాను! ఒక్కటీ పైకి రాలేదు.

"ఆరేండ్లు నేను తాగలె. అది నీకు కొలతల దొరకలేదా?" అన్నాడు.

"నాకు భయమైంది" అన్నాను. "మీ అయ్య లెక్క అయితవేమోనని. నా చెయ్యి మళ్ల ఇరుగుతదేమోనని."

"గా భయం ఇప్పుడు పోయిందా?"

పోయిందని చెప్పాలనే నాకుంది. ఎంత సులువైన మాట. ఆయన చేతిలో సుత్తి, చేతి నిండా పొక్కులు చూస్తూ అబద్ధం ఆడలేకపోయాను.

"పోలె" అన్నాను.

ఆయన నన్ను తేరిపార చూశాడు. తర్వాత లేచి, మేస్త్రీతో ఏదో మాట్లాడి, గుడిసెలోంచి గొంగడి తెచ్చుకున్నాడు. వస్తున్నానని అనలేదు. ముందు నడిచాడు, నేను వెనక నడిచాను. ఊరికి ఒక పరుగు దూరం ఉందనగా ఒకే ఒక్క మాట అడిగాడు, బుడ్లలో ఇంకా ఎంత మిగిలిందని. చెప్పాను. కొత్త కోత దాకా సరిపోదు, చిన్న గులకరాళ్లు కడిగి పీపాల్లో వేస్తే మట్టం పైకి వస్తుందన్నాడు. నాకు ఆ ఆలోచన రాలేదు. తోటపని ఆయనది, నాకు ఎందుకు వస్తుంది?

ఆదివారం నేను రమ్మంటే రాలేదు. "పీపాలు నింపాలె" అన్నాడు. ఒక్కదాన్నే పోయాను.

ప్రార్థన మొదలుకాకముందే లేచి నిలబడి, గుళ్లో అందరి ముందు, మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. నా భర్త తాగలేదు, నేను తప్పు మోపాను, మీరంతా నా మాట విని ఆయన్ని తలుపు దగ్గర కూర్చోబెట్టారు అన్నాను. మొన్న కిసుక్కుమన్నవాళ్లు తలలు దించుకున్నారు. పాస్టరయ్య పెద్దలతో మాట్లాడాడు. హనోకు మీద వేసిన ఆరు నెలలు ఈ రోజుతో కొట్టేస్తున్నామన్నాడు. నిజం చెప్పినందుకు నన్ను మెచ్చుకున్నాడు కూడా.

ఆ రోజు బల్ల ఉంది. గిన్నె పట్టుకుని పాస్టరయ్య ముందువరుస నుంచి ఒక్కొక్కరికి ఇస్తూ వచ్చాడు. ఆడవాళ్లలో నా చోటు ఖాళీగా ఉంది. వెతికితే తలుపు దగ్గర, చెప్పుల పక్కన చాప మీద కనిపించాను.

"అక్కడేంది, రిబ్కా? లేచి లోపలికి రా. కొట్టేసినం అన్న గద."

"ఆయనకు ఆరు నెలలు ఇచ్చిన్రు, అయ్యా. ఆయన ఒక్క ఆదివారమే కూసున్నడు" అన్నాను. "మిగిలినయి నేను కూసుంట."

పాస్టరయ్య గిన్నెతో అక్కడే నిలబడిపోయాడు. కాసేపటికి వెనుక నుంచి ఎవరో పాట ఎత్తుకున్నారు, అందరూ అందుకున్నారు. ఆలస్యంగా వచ్చిన ఒక ముసలమ్మ చెప్పులు విడిచి, నేనెవరో చూసుకోకుండా, నన్ను దాటుకుని లోపలికి పోయింది.